లాగి చూడని పట్టీ

శనివారం ఎగరాలంటే మెరిన్‌కి శుక్రవారం సాయంత్రం నుంచే భయం మొదలవుతుంది. తిండి సహించదు. మొగుడు కెల్విన్ టీవీ ముందు కూర్చుని, రేపు గాలి ఎలా ఉందట అని అడిగితే, బాగానే ఉందట అని ముక్తసరిగా చెబుతుంది. బాగా లేకపోతే ఎంత బావుండునో అని లోలోపల అనుకుంటుంది. గాలి బాగా లేదంటే హాయిగా ముసుగుతన్ని పడుకోవచ్చు, పరువుకీ నష్టం లేదు. ఆ వసంతంలో మాత్రం గాలి ఒక్క శనివారం కూడా ఆమెను కనికరించలేదు.

ఇంత భయపడేదానివి ఎందుకెళ్తున్నావని కెల్విన్ అడగనే అడిగాడు. వీపుకి ఇంజిను, దాని వెనక ఇనప పంజరంలో గిర్రున తిరిగే పంకా, నెత్తిమీద గుడ్డతో కుట్టిన రెక్క. ఇవన్నీ తగిలించుకుని యాభైకి దగ్గర పడుతున్న ఆడమనిషి పొద్దున్నే ఉప్పునేల మీద పరుగులు పెట్టడమేమిటని అతని బాధ. కోతమిషన్లు బాగుచేసి బతికేవాడు కదా, ఇంజినన్నది నేలమీదే ఉండాలని అతని నమ్మకం. మెరిన్ దగ్గర జవాబు లేకపోలేదు. వారమంతా స్కూలు బస్సు తోలుతూ చూసే ఆ మాలీ పొదల చదును నేలే, అదే గోధుమ, అదే దుమ్ము, ఊళ్ళో గోధుమలు నిలవచేసే సైలో ఎత్తుకి లేచి చూస్తే మరో దేశంలా ఉంటుంది. కంగారూలు పొడుగాటి నీడలు ఈడ్చుకుంటూ కంచెలు దాటుతుంటాయి. కాసేపటికి భయం ఎటో పోతుంది, నోట్లోంచి పాట వస్తుంది. దిగాక వారం రోజులు ఆ పాటే మిగులుతుంది, భయం మళ్ళీ శుక్రవారం దాకా గుర్తుకు రాదు. మనిషి బుర్రకి అంతకంటే తెలివి ఎక్కడిది!

ఆ పొద్దున సరస్సు ఒడ్డుకి ముగ్గురే వచ్చారు. సరస్సంటే నీళ్ళుండేది కాదు. ఒడ్డు పొడుగునా గట్టిపడిన తెల్లటి ఉప్పునేల, నడిమధ్యన మాత్రం ఉప్పు పొర కింద గులాబీరంగు బురద. ఆ బురదలో దిగితే మనిషికి ఏమీ కాదు గానీ ఇంజిను చచ్చూరుకుంటుంది. ఉప్పు తగిలిన ఇనుము నెల తిరక్కుండా తుప్పు పడుతుంది. అందుకని మధ్యకి పోవద్దని కొత్తవాళ్ళకి మొదటి పాఠంగా చెబుతారు.

చెప్పేది ఐవర్. డెబ్బై దాటినవాడు, గోధుమ సైలోలో పనిచేసి రిటైరయ్యాడు. ఆ చుట్టుపక్కల గాల్లోకి లేచినవాళ్ళందరూ అతని శిష్యులే. రెండో మనిషి బ్లూయ్. తలంతా ఎర్రజుట్టున్నందుకు, అక్కడి వెటకారం ప్రకారం బ్లూయ్, అంటే నీలంగాడు అయ్యాడు, అసలు పేరు వాళ్ళమ్మకైనా గుర్తుందో లేదో. గొర్రెల బొచ్చు కత్తిరించే పని. చేతులు ఎంత వేగమో నోరు అంతకు రెండింతలు. వాళ్ళలో ఒక కట్టుబాటుంది. లేవబోయి పడ్డవాళ్ళు పెట్రోలు బంకు దగ్గర మిగతావాళ్ళకి గుడ్డూ బేకనూ పెట్టిన బన్నులు తినిపించాలి. డబ్బు పెద్ద లెక్కలోది కాదు. బంకులో అమ్మాయి కౌంటరు మీంచి తొంగిచూసి, ఇవాళ పడింది ఎవరని అడుగుతుంది చూడండి, అదీ శిక్ష.

బ్లూయ్ ముందు తయారయ్యాడు. ఐవర్ అతని దగ్గరికెళ్ళి, ఛాతీ మీది పట్టీ ఒకసారి, కుడితొడ పట్టీ, ఎడమతొడ పట్టీ, మూడూ పట్టుకుని గట్టిగా గుంజి చూశాడు. బ్లూయ్ తూలిపడబోయి నవ్వాడు. ఆ తరవాత ఐవర్ మెరిన్ వైపు తిరిగి, రెండడుగుల దూరంలోనే ఆగి, అన్నీ కట్టుకున్నావా అమ్మాయ్ అని అడిగాడు. కట్టుకున్నానంది. నిజంగానే కట్టుకుంది, అప్పటికి.

బ్లూయ్ ఆమెనే ముందు వెళ్ళమన్నాడు. మొదటి పరుగులో రెక్క సగం లేచి పక్కకి ఒరిగిపోయింది. మెరిన్ మోకాళ్ళ మీద పడింది. ఉప్పు గీరుకుని మోకాలి చిప్ప మండిపోయింది. రెక్క మళ్ళీ పరవాలంటే వీపు మీద ముప్ఫై కిలోలతో వంగడం కుదరదు కనక, పట్టీలన్నీ విప్పేసి మోటారు నేలమీద దించింది. చిక్కుపడ్డ తాళ్ళు ఒక్కొక్కటే విడదీస్తోంటే వెనకనుంచి బ్లూయ్ మొదలుపెట్టాడు.

"డ్రైవరమ్మా, నా బన్నులో గుడ్లు రెండు. తొందరేం లేదు, తాపీగా పడు."

"బస్సెక్కితే నిన్ను ఊరిబయట దింపేస్తా, చూసుకో" అంది మెరిన్. నవ్వుతూనే అంది, ఆఖరి తాడు విడదీసింది. ఎండ చురుక్కుమంటోంది. ఇంకాసేపైతే నేల వేడెక్కి గాలి పొంగడం మొదలుపెడుతుంది, అప్పుడు ఎగరడం మంచిది కాదు. పైగా ఈ భయాన్ని మళ్ళీ మొదటినుంచి పోగుచేసుకోవడం కంటే ఆ ఊపులోనే వెళ్ళిపోవడం నయమనిపించింది. మోటారు భుజాలకి ఎత్తుకుంది. ఛాతీ పట్టీ టక్కుమని పెట్టింది. అంతలో గాలి చూసుకోడానికి పాతిన జెండాగుడ్డ కదిలింది, గాలి వచ్చింది వచ్చింది అని బ్లూయ్ అరిచాడు. మెరిన్ రెక్క వైపు తిరిగింది.

అన్నీ కట్టుకున్నావా అని ఐవర్ దూరంనుంచి మళ్ళీ అడిగాడు. ఆమె బొటనవేలు పైకెత్తి చూపించింది. అబద్ధమేమీ కాదు. కాసేపటి కింద కట్టుకున్న సంగతి తొడలకి ఇంకా గుర్తుంది. ఇప్పుడొచ్చే కొత్త రకాల్లో తొడపట్టీలు ఛాతీ పట్టీతో కలిపే కుడుతున్నారు, ఒకటి మరిచిపోయి ఒకటి పెట్టడం వీలుకాదు. ఆమెది ఎవరో వాడి అమ్మేసిన పాతది.

ఈసారి రెక్క చక్కగా నెత్తిమీదికి వచ్చి నిలబడింది. కుడిచేతిలో బైకు బ్రేకులాంటి యాక్సిలరేటరు బిగించి పరుగెత్తింది. ఇంజిను వీపుని నెట్టింది, అడుగులు తేలికయ్యాయి, నేల వదిలింది. మామూలుగా ఆ క్షణంలో మోకాళ్ళు కాస్త ఎత్తితే కూర్చునే పలక తొడల కిందికి వచ్చి, కుర్చీలో కూర్చున్నట్టు కుదురుకుంటుంది. మెరిన్ మోకాళ్ళెత్తింది. పలక రాలేదు. అది నడుము వెనక్కి తగిలి, వీపు పొడుగునా పైకి గీసుకుంటూ పోయింది. ఆమె జానెడు కిందికి జారింది. భుజాల పట్టీలు రెండు చంకల్లోకి దిగబడ్డాయి. ఛాతీ పట్టీ గొంతు కిందికి వచ్చి ఆగింది.

ఏమైందో ఆమెకి వెంటనే తెలిసింది. ఆ అభిరుచి ఉన్నవాళ్ళందరికీ తెలిసిన సంగతే అది. దాని గురించి ఎక్కువ మాట్లాడరు, మాట్లాడితే గొంతు తగ్గించి మాట్లాడతారు. మనిషి జారిపోతే రెక్కా మోటారూ ఖాళీగా ఎగురుకుంటూ ఎక్కడో దిగుతాయి. కిందికి చూసింది. విప్పిన తొడపట్టీలు రెండూ మోకాళ్ళ పక్కన గాలికి కొట్టుకుంటున్నాయి. వాటికింద ఆమె బూట్లు, బూట్ల కింద తెల్లటి నేల దూరమైపోతోంది.

ఎందుకు దూరమవుతోందో అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. భయపడ్డవాడు దొరికినదాన్ని బిగబట్టుకుంటాడు. ఆమె కుడిచేతికి దొరికింది యాక్సిలరేటరు. ఎంత భయపడితే అంత బిగిస్తోంది, ఎంత బిగిస్తే ఇంజిను అంత పైకి లాక్కుపోతోంది. వదులు, వదులు అని తనకి తనే చెప్పుకుంది. వేళ్ళు వినలేదు. ఆ వేళ్ళు వదిలితే పడిపోతానని ఒళ్ళంతా ఒక్కటై నమ్ముతోంది, అది వట్టి భ్రమ అని తలకి తెలిసినా సరే.

చెవిలో రేడియో గరగరలాడింది.

"మెరిన్, ఐవర్ని. నీ తొడపట్టీలు పెట్టుకోలేదు. నాకు కనిపిస్తోంది. జాగ్రత్తగా విను. చేతులు పైకెత్తకు. ఏం జరిగినా మోచేతులు పక్కటెముకలకి ఆనించే ఉంచు."

జవాబు చెప్పాలంటే ఛాతీ పట్టీకున్న బొత్తాం నొక్కాలి. దాన్ని నొక్కాలంటే చెయ్యి కదపాలి. ఆమె వింటోందో లేదో కూడా అతనికి తెలియదు. వింటున్నానని కాళ్ళు ఆడించబోయింది, ఆడించగానే చంకల్లో పట్టీ ఇంకాస్త పైకి కదిలినట్టైంది. బిక్కచచ్చిపోయి కాళ్ళు వేలాడేసింది.

ఊపిరి సగమే లోపలికి వెళ్తోంది. చేతుల్లో తిమ్మిరి మొదలై మోచేతుల దాకా పాకింది. సైలోకి రెండింతల ఎత్తు ఉండొచ్చు. అక్కడినుంచి సరస్సంతా కనిపిస్తోంది, ఎంతో ఇష్టపడి చూసే దృశ్యమే. తెల్లటి ఒడ్డు, మధ్యన గులాబీరంగు, ఆ చివర నల్లగా మాలీ చెట్ల అడవి. ఆ చెట్లు పెద్ద పొడుగేమీ కావు గానీ, ఎండిన కొమ్మలు పైకి తిరిగి ఈటెల్లా ఉంటాయి. ఆమె తిన్నగా వాటివైపే పోతోంది. సోమవారం పొద్దున తారురోడ్డు పక్కన సంచులు తగిలించుకుని బస్సు కోసం చూస్తూ నిలబడే పిల్లలు గుర్తొచ్చారు. కెల్విన్ కాదు, పిల్లలు. బస్సు రాలేదేమిటని వాళ్ళు ఎంతసేపు నిలబడతారో అనుకుంటే దుఃఖం పొంగుకొచ్చింది.

"ఎడమకి తిరుగు అమ్మాయ్. మెల్లగా. పెద్ద వలయం తీసుకుని మా వైపు వచ్చెయ్" అన్నాడు ఐవర్. గొంతు నిదానంగానే ఉంది. పాఠం చెప్పేటప్పటి నిదానం.

తిరగాలంటే రెక్క తాళ్ళకున్న ఎడమచేతి పిడి కిందికి లాగాలి. మామూలుగా వేలితో చేసే పని. లాగింది. రెక్క ఎడమకి వాలింది, దాంతోపాటు ఆమె ఒళ్ళూ వాలింది, బరువంతా ఒక పక్కకి పడి కుడిచంకలో పట్టీ సర్రున జారి మోచేతి మీదికి వచ్చింది. ఛాతీ పట్టీ గడ్డానికి తగిలింది. ఒక్క క్షణం ఆమెను పట్టుకుని ఉన్నది గడ్డమూ ఎడమభుజమూ మాత్రమే. నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది, అది తన గొంతేనని ఆమె అనుకోలేదు. ఎడమచెయ్యి నెమ్మదిగా పైకి పోనిచ్చింది. రెక్క తిన్నబడింది. కుడిమోచెయ్యి ఒళ్ళుకి నొక్కిపెట్టి, పట్టీని వేలెడు వేలెడుగా పైకి తోసుకుంది.

ఇంక తిరగనని అప్పుడే నిశ్చయించుకుంది.

ఐవర్ మళ్ళీ చెబుతున్నాడు, తిరుగు మెరిన్, ముందంతా చెట్లే, తిరుగు అని. ఇంజిను ఆపకు, ఆపితే ఇంక చేతిలో ఏమీ ఉండదు అని కూడా చెబుతున్నాడు. నేలమీద నిలబడ్డవాడికి అది సరైన మాటే. కానీ ఆ పట్టీలు అతని చంకల్లో లేవు. గులాబీ బురద సరిగ్గా కాళ్ళకిందికి వస్తోంది. ఇంకాస్త ఆలస్యమైతే అదీ వెనకబడుతుంది, ఆ తరవాత చెట్లే. మొదటిరోజు నుంచి వెళ్ళొద్దన్న చోటే, సరస్సు మొత్తం మీద మెత్తగా ఉన్నదొక్కటే.

వేళ్ళు తెరుచుకోవు. తెరవమని బతిమాలడం మానేసింది. బొటనవేలు మాత్రం విడిగా ఉంది, యాక్సిలరేటరు నెత్తిన ఉన్న, ఇంజినుని ఆపే ఎర్ర బొత్తాం పక్కనే. దాన్ని నొక్కాలంటే పిడికిలి వదలనక్కర్లేదు. వేలిని కదిపింది. బొత్తాం తగిలింది. నొక్కితే మళ్ళీ లేవడం ఉండదు, ఎక్కడుంటే అక్కడ దిగడమే. అది తెలిసే నొక్కింది.

ఇంజిను ఆగిపోయింది. ఒక్కసారిగా అంత నిశ్శబ్దం రావడంతో తాళ్ళలో గాలి ఈలవేయడం, తన ఊపిరి, రేడియోలో ఐవర్ అయ్యో అనడం, మూడూ విడివిడిగా వినిపించాయి. అతను ఇంకేమీ అనలేదు. ఆ మౌనం ఆమెకి అన్నిటికంటే ఎక్కువ భయం పుట్టించింది. పాఠం చెప్పేవాడి దగ్గర పాఠం అయిపోయిందన్నమాట.

నేల పైకి వస్తోంది. రెక్క తన ధోరణిలో తను, ఏమీ తెలియనట్టు, నున్నగా జారుతోంది. చేతులు చేతుల్లా లేవు, ఎవరివో తెచ్చి తగిలించినట్టున్నాయి. దిగేముందు రెండు పిడులూ కిందికి లాగితే వేగం తగ్గుతుంది. లాగేటప్పుడు జారిపోతే మాత్రం ఎంత ఎత్తులో జారితే అంత దెబ్బ. అందుకని లాగకుండా, లాగకుండా, బురద మీది ఉప్పు పలుకులు ఒక్కొక్కటిగా కనబడేదాకా ఆగింది. అప్పుడు రెండు చేతులూ ఒంటికి ఆనించి బలమంతా పెట్టి దించింది.

కాళ్ళు పిక్కల దాకా దిగబడ్డాయి. ఒళ్ళు ఆగలేదు, ముందుకి బోర్లా పడింది. వీపు మీది మోటారు మీదకొచ్చి తలని బురదలోకి నొక్కేసింది. కళ్ళల్లో, ముక్కులో, నోట్లో ఉప్పు. ఇంత ఎత్తునుంచి దిగి ఇక్కడ జానెడు బురదలో ఊపిరాడక చస్తానా అని కోపం వచ్చింది, ఆ కోపంతోనే మెడ మెలితిప్పి ఒక పక్క పెదవి గాల్లోకి తెచ్చింది. ఆ పక్కనుంచి ఊపిరి పీల్చింది. మళ్ళీ పీల్చింది. అలా పీలుస్తూ ఎవరో వచ్చేదాకా కదలకుండా పడుకుంది.

తన మోటారు ఒడ్డునే విప్పేసి ముందు బ్లూయ్ వచ్చాడు. వాడు బురదలో పరుగెత్తలేక పడుతూ లేస్తూ వచ్చి, మోటారుని రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు. వెనక ఐవర్ రొప్పుతూ వచ్చి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆమెను తిప్పి కూర్చోబెట్టారు. ఛాతీ పట్టీ అతనే విప్పాడు. తరవాత అలవాటుగా చేతులు తొడల వైపు వెళ్ళాయి, బకిల్ ఉండాల్సిన చోటికి బెత్తెడు దూరంలో ఆగిపోయాయి. అప్పుడు కూడా ఆమెను తాకకుండానే ఆగాయి. విప్పడానికి అక్కడ ఏమీ లేదని అతనికి తెలుసు, ఆమెకీ తెలుసు.

"వాడివి లాగి చూశావు" అంది మెరిన్. నోట్లో ఉప్పుతో మాట సరిగా రావడం లేదు. "ప్రతిసారీ వాడివి లాగి చూస్తావు. నావెందుకు చూడవు?"

ఐవర్ టోపీ తీసి పక్కన పెట్టాడు. అది బురదలో మునిగింది, గమనించలేదు.

"మొదటిరోజు లాగబోయాను. నువ్వు ఉలిక్కిపడి వెనక్కి గెంతావు. ఆడమనిషివి, తొడ మీద చెయ్యేశానని బాధపడ్డావనుకున్నా. ముసలివాణ్ణి, ఆ పేరొకటి ఎందుకని అప్పట్నుంచీ నోటితోనే అడుగుతున్నా."

మెరిన్ ఆ రోజుని వెతుక్కుంది. చలికాలం నడిమధ్య. కారు అద్దాల మీద మంచు పేరుకున్న పొద్దున. ఐవర్ అప్పుడే పెట్రోలు కలిపి వచ్చాడు, తడి చేతులతో. ఆ చెయ్యి పల్చటి ప్యాంటు మీద తగలగానే ప్రాణం ఝల్లుమంది. ఆ తరవాత ఆ సంగతి ఇంకెప్పుడూ ఆమెకి గుర్తు రాలేదు.

"నీ చెయ్యి మంచుగడ్డలా ఉంది ఐవర్" అంది. "అంతే. చలికి అదిరాను."

అతను ఆమె మొహంలోకి చూశాడు. అర్థం కావడానికి సమయం పట్టింది.

"నేనేమనుకున్నానో తెలుసా" అంది మెరిన్. ఆమెకి నవ్వు వస్తోంది, అది నవ్వు కాదని కూడా తెలుస్తోంది. "నువ్వు నన్ను నమ్మావనుకున్నా. బ్లూయ్‌ని లాగి చూడాలి, మెరిన్‌ని అడిగితే చాలు అనుకుంటున్నావని. ఇంట్లో కెల్విన్‌కి గొప్పగా చెప్పుకున్నాను కూడా."

బ్లూయ్ మోటారుని అలాగే పట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని నిలబడ్డాడు.

అప్పుడు మొదలైంది ఆమె కాళ్ళు వణకడం. గాల్లో ఉన్నంతసేపు వేలాడిన కాళ్ళు, నేల తగిలాక కూడా ఊరుకున్న కాళ్ళు, ఇప్పుడు తమంతట తాము బురదలో తపతపా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. చేతులతో పట్టుకుందామంటే చేతులు లేవడం లేదు. భయంగా ఉంది ఐవర్ అంది, రెండేళ్ళలో ఆ మాట అతనితో అనడం అదే మొదలు. ఐవర్ ముందుకి వంగి ఆమె రెండు తొడల మీదా అరచేతులు వేసి బరువంతా పెట్టి అదిమి పట్టుకున్నాడు. ఏమీ అడగలేదు. చేతులు అప్పుడు కూడా చల్లగానే ఉన్నాయి. ఆ కాళ్ళు ఆగేదాకా తియ్యలేదు.